వెనక్కి వెళ్ళిన సంగతి

మా వదిన అన్నయ్యకి విడాకులిచ్చింది గానీ నాకివ్వలేదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, అంతమంది అడిగారు మరి. ఆవిడ మా ఇంటి కోడలిగా ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఆవిడ ఆ ఇల్లు వదిలేశాక, నేను లాయరునయ్యాక, ఎలాగో కలిశాం. ఇప్పుడు ఇద్దరం ఒక ఆఫీసు నడుపుతున్నాం. నడుపుతున్నాం అనేది గొప్పకి అంటున్న మాట. అదే మమ్మల్ని ఈడ్చుకుపోతోంది.

కళ్ళజోళ్ళ షాపు పైన రెండు గదులు మావి. మొగుడి చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళు, బంధువో పైఅధికారో చేసిన అఘాయిత్యం పైకి చెప్పలేక నలిగిపోతున్నవాళ్ళు ఆ మెట్లెక్కి వస్తారు. వాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకుండా కోర్టులో వాళ్ళ పక్కన నిలబడటం నా పని. కోర్టు ఖర్చులూ, అద్దే, నా జీతమూ ఎవరో ఒకరు కట్టాలి కాబట్టి, ఆ ఎవరో ఒకర్ని వెతికి పట్టుకోవడం వదిన పని. మా దగ్గర ఏ రెండు కుర్చీలూ ఒక్కలా ఉండవు. ఏ కంపెనీ పాత సామాను తీసేస్తోందని తెలిసినా వదిన అక్కడ వాలిపోయి అడిగి తెచ్చేది. బీరువా ఒకరిది, ఫ్యాను ఒకరిది, పిల్లలు ఆడుకునే చెక్కగుర్రం ఇంకెవరిదో. లోపలి గది తలుపుకి గడియ మాత్రం మేమే కొన్నాం. ఆ గదిలో చెప్పుకోవడానికి కూర్చున్న మనిషి తనే లేచి గడియ వేసుకోవాలి, తనకి తియ్యాలనిపించినప్పుడు తనే తీసుకోవాలి. మేం దాని మీద చెయ్యి వెయ్యం.

ఇంకో పద్ధతి కూడా ఉంది. వచ్చినావిడ తన సంగతి మాకు ఒక్కసారే చెబుతుంది. నేను మధ్యలో అడ్డుపడకుండా చేత్తో రాసుకుంటాను. ఆ తర్వాత అదే మళ్ళీ చెప్పమని మా ఆఫీసులో ఎవరూ అడగరు. అప్పటికే పోలీసులకి, డాక్టరుకి, అక్కకి, అత్తకి చెప్పి చెప్పి ఆ మనిషి అలిసిపోయి ఉంటుంది. నేను రాసినదాంట్లోంచి కోర్టు కోసం నేనొకటి తయారుచేస్తాను, డబ్బులిచ్చేవాళ్ళ కోసం వదిన ఒకటి తయారుచేస్తుంది. గుడ్డ ఒకటే, కత్తెరలే వేరు.

నా కత్తెర సంగతి చెబుతాను. మనకి ఇబ్బందిగా ఉండే విషయం ఏదైనా ఉంటే దాన్ని మొదటి పేజీలోనే పెట్టేస్తాను. కొట్టినా మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళింది అనేది మనమే ముందు చెప్పేస్తే, అవతలి లాయరు దాన్ని జేబులోంచి తీసి ఆడించడానికి ఉండదు. నిజానికి మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక్కసారైనా వెనక్కి వెళ్ళనివాళ్ళు తక్కువ. పిల్లల బడి అక్కడుంటుంది, బట్టలు అక్కడుంటాయి, పుట్టింట్లో చోటుండదు, ఆయన కాళ్ళమీద పడి ఏడుస్తాడు. వదిన కత్తెర అలా కాదు. డబ్బులిచ్చేవాళ్ళకి వెనక్కి వెళ్ళిన ఆడది నచ్చదు. "మళ్ళీ ఎందుకెళ్ళిందండీ?" అని ఒక్కరు అడిగితే చాలు, చెక్కుబుక్కులు తిరిగి సంచుల్లోకి వెళ్ళిపోతాయని ఆవిడ అనుభవం మీద చెప్పేది. అందుకని ఆ ముక్క కోసేసేది. కొట్టాడు, గడప దాటింది, తన కాళ్ళమీద నిలబడింది. మూడు నిమిషాల్లో అయిపోవాలి. సభలో ముందు వరుసలో ఎవరు కళ్ళు తుడుచుకుంటారో కూడా వదిన నాకు ముందే చెప్పేది, తప్పేది కాదు.

తన కథ కూడా అలాగే చెప్పేది. "ఒక చెంపదెబ్బ. ఆ సాయంత్రమే బయటికొచ్చేశాను." పదేళ్ళుగా అదే మాట. నేను ఆ సమయానికి టీ కప్పులు సర్దే పని పెట్టుకునేదాన్ని.

మా ఖర్చులో చాలా భాగం ఒక ఫౌండేషన్ ఇస్తూ వచ్చింది. గడువు అయిపోవచ్చి, మళ్ళీ ఇవ్వాలా వద్దా అని వాళ్ళు ఆలోచించుకునే వేళకి అక్కడికి కొత్త మేడమ్ వచ్చింది. చాలా మర్యాదస్తురాలు. మేం ఏం చెప్పినా "అద్భుతం" అనేది, చెయ్యి విరగ్గొట్టిన కేసు చెప్పినా అదే మాట. ఈసారి సభ్యుల సమావేశంలో మీరు మాట్లాడటం కాదు, బాధ పడినావిడే మాట్లాడితే అద్భుతంగా ఉంటుంది, అంది. నాకు ఒళ్ళు మండింది. మా దగ్గర ఒక్కసారి చెప్పించే పద్ధతి ఉందని, దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళ టీ పార్టీ కోసం మార్చలేమని గట్టిగానే చెప్పాను. వదిన నా కాలు తొక్కింది. మెట్లు దిగాక, కోపాన్ని బ్యాంకులో వేసుకోలేం అమ్మాయ్ అంది.

ఆ సమావేశంలో మాట్లాడతానని తనంతట తనే ముందుకొచ్చింది బేకరీ ఆవిడ.

ఆవిడ కేసు నా చేతుల్లో ఉంది. కూతురు ఎవరి దగ్గర పెరగాలనేది అందులో తేలాలి. ఆరేళ్ళ పాప. తీర్పు వచ్చేదాకా పాప తల్లి దగ్గర ఉండొచ్చని కోర్టు అంది. టైర్ల షాపు నడిపే భర్త తనకే కావాలంటున్నాడు. అసలు తను చెయ్యే ఎత్తలేదని, ఆవిడ చెప్పేదంతా కల్పితమని, ఇలాంటి అబద్ధాలకోరు దగ్గర పిల్ల పెరగకూడదని అతని వాదన. జరిగిందేమిటంటే, ఒక రాత్రి అతను ఆవిడ చెయ్యి తలుపు సందులో ఉండగా తలుపు మూశాడు. చూడకుండా మూసింది కాదు. ఆవిడ పాపని తీసుకుని అక్క ఇంటికి వెళ్ళింది. అక్క మంచిదే, బావగారి మొహమే మాడింది. నాలుగు రోజులు పోయాక పాపకి బడికి వేసుకెళ్ళే బూట్లు లేవని, తెచ్చుకుందామని వెనక్కి వెళ్ళింది. బూట్ల కోసం వెళ్ళి ఏడాది ఉండిపోయింది. ఆ ఏడాదిలో జరిగినవి ఇక్కడ చెప్పను. అవి కోర్టు కాగితాల్లో ఉన్నాయి, అంతమంది చదివింది చాలు.

ఆ బూట్ల సంగతి మొదటి పేజీలో పెట్టాను.

ఆవిడ రెండు వేళ్ళు ఇప్పటికీ సరిగా మడవవు. ఆ చెయ్యి చూసి ఎవరూ పనివ్వకపోతే వదినే తెలిసిన బేకరీలో బ్రెడ్డు పాకెట్లు కట్టే పని ఇప్పించింది. అప్పట్నుంచీ ఆవిడ వదినని అక్కా అని పిలిచేది, వదిన మాటంటే ఆవిడకి మాటే. మీరు ఇంత చేశారు, నేను మూడు నిమిషాలు మాట్లాడలేనా అంది. నేను వద్దన్నాను. మన కేసు ఇంకా నడుస్తోంది, ఎక్కడా నోరు విప్పొద్దని చెప్పాను. ఫోన్లు పట్టుకోనివ్వరు, పేరు చెప్పరు, తలుపులు వేసి ఉంటాయి అని వదిన హామీ ఇచ్చింది. ఆ రోజు నాకు వేరే కోర్టులో వాయిదా ఉంది. అలిసిపోయి ఉన్నాను కూడా. సరే మీ ఇష్టం అన్నాను.

ఆవిడ బాగా మాట్లాడిందట. ముందు వరుసంతా కళ్ళు తుడుచుకున్నారట. "ఆ రాత్రే పాపని ఎత్తుకుని గడప దాటాను. మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు" అన్నప్పుడు ఫౌండేషన్ మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట. వదిన స్వీట్లు తెచ్చి కళ్ళజోళ్ళ షాపాయనకి కూడా పంచింది. ఆ మాట ఎవరు నేర్పారని నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు.

అక్కడ ఫోన్లు పట్టుకోనివ్వలేదు, నిజమే. ఫౌండేషన్ వాళ్ళే పెద్ద కెమెరా పెట్టి తీసుకున్నారు. తర్వాత తమ పేజీలో పెట్టుకున్నారు. మొహం మసక చేశారు గానీ గొంతు మసక చెయ్యలేదు. ఆవిడ ఆడపడుచు అది విని అన్నకి పంపింది, అతను తన లాయరుకి పంపాడు.

ఆ లాయరుని మేమంతా దగ్గులాయన అంటాం. ఆయనకి రోగమేమీ లేదు. చెడ్డ ప్రశ్న అడగబోయే ముందు ఒకసారి చిన్నగా దగ్గుతాడు, అంతే. తర్వాతి వాయిదా రోజు బోనులో నిలబడ్డ బేకరీ ఆవిణ్ణి చాలాసేపు మామూలు ప్రశ్నలే అడిగాడు. తర్వాత దగ్గాడు. జడ్జిగారి అనుమతి తీసుకుని ఆ వీడియో వినిపించాడు. ఆ చిన్న హాల్లో ఆవిడ గొంతు రెండోసారి గడప దాటింది, వెనక్కి తిరిగి చూడలేదు.

"ఆ గొంతు మీదేనా?"

"నాదే."

"కాగితాల్లో వెనక్కి వెళ్ళి ఏడాది ఉన్నానన్నారు. ఇక్కడ మళ్ళీ వెళ్ళలేదంటున్నారు. ఏది నిజం?"

కాగితాల్లో ఉన్నదే నిజమని ఆవిడ చెప్పింది. అయితే అక్కడ అందరి ముందూ చెప్పింది అబద్ధమా అంటే అవునంది. అప్పుడు అడిగాడు ఆయన, అలా చెప్పమని ఎవరైనా చెప్పారా అని. వెనక బెంచీలో వదిన కూర్చుని ఉంది. బేకరీ ఆవిడ అటు చూసింది. ఒక్క క్షణమే చూసింది గానీ నేను చూశాను.

"ఎవరూ చెప్పలేదు. నేనే అన్నాను."

దగ్గులాయన ఇక దగ్గలేదు, అవసరం లేకపోయింది. విరాళాల కోసం అబద్ధం చెప్పగలిగిన మనిషి పిల్ల కోసం చెప్పదని నమ్మకమేమిటి అని జడ్జిగారిని అడిగి కూర్చున్నాడు. జడ్జిగారు పెన్ను తీసి ఏదో రాసుకున్నారు. జడ్జి రాసుకుంటున్న చెయ్యి చూసే పని నేను చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. అది మాకు మంచి చేసే రాత కాదని తెలిసిపోయింది. వాయిదా ఇచ్చారు. ఇంకెవరైనా సాక్షి ఉంటే ఆ రోజే తెచ్చుకోమన్నారు.

వరండాలో బేకరీ ఆవిణ్ణి నిలదీశాను. ఒట్టు వేసి మరీ అబద్ధం చెప్పావేం అన్నాను. ఆవిడ మడవని వేళ్ళతో చీర కొంగు సర్దుకుంటూ, "అక్క పేరు ఎలా చెప్పమంటారమ్మా. అక్క లేకపోతే ఈ బిడ్డకి అన్నం లేదు," అంది. పాప మా ఇద్దరి మధ్యా నిలబడి కోర్టు బంట్రోతు బూట్ల వంక చూస్తోంది. కోపమంతా ఎటు పోయిందో పోయింది, ఒళ్ళంతా నీరసం మిగిలింది.

సాయంత్రం ఆఫీసులో వదిన లైటు కూడా వెయ్యలేదు. కుర్చీలో జారగిలబడి ఉంది. నేను బ్యాగు పెట్టి నీళ్ళు తాగాను. ఆ మాట తనే చెప్పించానని వదిన బోనెక్కి చెబితే పాప తల్లి దగ్గర ఉంటుంది. చెబితే అది కోర్టు రికార్డులోకి ఎక్కుతుంది, దగ్గులాయన సాయంత్రానికల్లా ఊరంతా చాటుతాడు, ఫౌండేషన్ ఇక మా మెట్లెక్కదు. ఇది తెలుసుకోవడానికి మాకు మాటలు అక్కర్లేదు.

"నోరు తెరిచి అడగవేం?" అంది వదిన చివరికి.

"ఎలా అడగను? నేను ఆ డబ్బుతోనే బతుకుతున్నాను."

"నీ సంగతి సరే. వచ్చే నెల వాయిదా ఉన్న ఆ నర్సు సంగతేమిటి? మేనమామ మీద కేసు పెట్టిన ఆ పిల్ల? ఇంత ధైర్యం చేసి వచ్చారు. ఆఫీసు మూసేశాం, ఇక ఇంటికి వెళ్ళండమ్మా అని చెబుదామా? ఒక్క పాప కోసం వాళ్ళందర్నీ వదిలెయ్యమంటావా?"

నేను వదిలెయ్యమనలేదు, ఉంచమనలేదు. ఇన్నేళ్ళు వాదించి వాదించి నా దగ్గర ఒక్క వాదనా మిగల్లేదు. వదిన లేచి చెక్కగుర్రాన్ని గోడ పక్కకి జరిపింది, కుర్చీలు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆ పిచ్చిది నా పేరు చెప్పేసి ఉంటే ఎంత హాయిగా ఉండేది, దాన్ని నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని, అంది. తర్వాత సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వాయిదా నాటికి వస్తుందో రాదో చెప్పలేదు.

వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, డబ్బులడగడానికి వెళ్ళేటప్పుడు పెట్టుకునే వాచీ పెట్టుకుని వచ్చింది. సాక్షిగా పిలిచాను. ఒట్టు వేయించారు. వృత్తి ఏమిటని అడిగితే, "అడుక్కోవడమండీ, మంచి పని కోసం," అంది. లాయరుగారికి మీరేమవుతారని జడ్జిగారు అడిగారు.

"వదిననండీ. అంటే వాళ్ళ అన్నయ్యతో విడాకులైపోయాయి. ఈ అమ్మాయితో కాలేదు."

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను అడగాల్సినవి అడిగాను. సమావేశంలో బేకరీ ఆవిడ చెప్పిన మాటలు ఎవరు తయారుచేశారు? నేనే. ఆవిడ మొదట చెప్పింది అదేనా? కాదు, బూట్ల కోసం వెనక్కి వెళ్ళిన సంగతి చెప్పబోతే నేనే వద్దన్నాను, ఈ వాక్యం నేనే నేర్పించాను, మూడుసార్లు అనిపించాను. కోర్టులో నేనే అన్నానని ఆవిడెందుకు చెప్పింది? నా మీద ఈగ వాలనివ్వకూడదని.

ఇంకో ప్రశ్న ఉంది. అది నేను అడగలేదు. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని మాకు మొదట నేర్పుతారు. దీని జవాబు నాకు తెలుసు. అందుకే అడగలేదు.

దగ్గులాయన లేచాడు. ఈసారి దగ్గు గట్టిగానే వచ్చింది.

"అంటే అబద్ధాలు చెప్పించి విరాళాలు వసూలు చేస్తారన్నమాట."

"ఒక్క ముక్క కోశానండీ," అంటూ ఆగి, "కాదులెండి, మీరన్నదే రాసుకోండి," అంది.

"అలాంటి మీరు ఇవాళ నిజం చెబుతున్నారని కోర్టు ఎందుకు నమ్మాలి?"

"అక్కడ అబద్ధం చెబితే డబ్బొచ్చింది. ఇక్కడ నిజం చెబితే ఉన్నది పోతుంది. నాకు ఇందులో లాభమేమిటో మీరే చెప్పండి."

ఆయన కూర్చున్నాడు. అక్కడితో అయిపోయేది. జడ్జిగారు పెన్ను కింద పెట్టి, నాకొకటి అర్థం కాలేదమ్మా అన్నారు. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి, ఆ వెనక్కి వెళ్ళిన సంగతి ఒక్కటే ఎందుకు తీసేశారని అడిగారు. నేను బల్ల వంక చూస్తూ ఉండిపోయాను.

"అలవాటండీ," అంది వదిన. "నా కథలోంచీ తీసేశాను. ఒక్క దెబ్బకే బయటికొచ్చానని పదేళ్ళుగా చెబుతున్నాను. నేను రెండుసార్లు వెనక్కి వెళ్ళాను. మొదటిసారి ఆయన ఏడిస్తే వెళ్ళాను. రెండోసారి ఎవరూ ఏడవలేదు, ఎవరూ పిలవలేదు. ఎక్కడ పడుకోవాలో తెలియక వెళ్ళాను. అది చెబితే నన్నెవరూ మనిషిలా చూడరనుకున్నాను. ఈ అమ్మాయినీ చూడరనుకున్నాను. నాకు సిగ్గేసిందని ఆ పిల్ల నోరు కూడా నొక్కేశాను."

బేకరీ ఆవిడ నోరు తెరుచుకుని వదిననే చూస్తోంది. నేను తలెత్తలేదు. ఆ రెండుసార్లూ మా ఇంటి తలుపు తీసింది నేనే. రెండోసారి ఆవిడ చేతిలో సంచి కూడా లేదు. నాకప్పుడు ఏం మాట్లాడాలో తెలియక, అన్నం తిన్నావా అని అడిగాను. ఆవిడ తినలేదంది. ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

పాప తల్లి దగ్గరే ఉంటుందని తీర్పు వచ్చింది. తీర్పులో వదిన గురించి రెండు వాక్యాలున్నాయి, ఒకటి తిట్టు, ఒకటి మెప్పు. బేకరీ ఆవిడ వదిన చేతులు పట్టుకుని వదల్లేదు. అక్కా, అక్కా అనడం తప్ప ఇంకో మాట రాలేదు. పాప మాత్రం ఆకలేస్తోందని పేచీ పెట్టింది. ఇన్ని నెలలుగా నేను విన్న మాటల్లో అదొక్కటే నాకు కాస్త సంతోషంగా వినిపించింది.

ఫౌండేషన్ మేడమ్ ఫోను చేసింది. చాలా బాధపడింది, మా ఇన్నేళ్ళ పని అద్భుతమంది, సభ్యుల నమ్మకం దెబ్బతిందంది, ఇక ఇవ్వలేమంది. వదిన ఒక్క మాట ఎదురు చెప్పకుండా థాంక్సండీ అని పెట్టేసింది. బయటి గది ఖాళీ చేసి కళ్ళజోళ్ళ షాపాయనకే ఇచ్చేశాం, ఆయన అందులో డబ్బాలు పెట్టుకున్నాడు. గడియ ఉన్న గది ఉంచుకున్నాం. నర్సు కేసూ, ఆ పిల్ల కేసూ వదల్లేదు. పొద్దుటి పూట ఆస్తి తగాదాలు చూసి ఆ ఫీజుతో ఈ ఖర్చులు పెట్టుకొస్తున్నాను. అన్నదమ్ముల గోడ గొడవలు వింటూ కూర్చుంటే ఆవలింతలొస్తాయి. ఒక్కోరోజు మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోతాను. ఎన్నాళ్ళు ఇలా లాగగలమో ఇద్దరికీ తెలియదు.

వదిన మళ్ళీ సంచి భుజాన వేసుకుంది. పెద్దవాళ్ళెవరూ పిలవడం లేదు. చిన్న చిన్న సంఘాలు, ఉద్యోగుల క్లబ్బులు, ఎవరు ఓ అరగంట ఇస్తామంటే అక్కడికి వెళుతున్నాం. ఇతరుల కథలు చెప్పడం మానేసింది. తనదే చెబుతోంది, కోసిన ముక్కతో సహా. నేనూ టీ కప్పులు సర్దడం మానేసి కూర్చుని వింటున్నాను. ఆవిడ అన్నది నిజమే, డబ్బు రావడం లేదు.

పోయిన వారం ఒక బ్యాంకు ఉద్యోగుల క్లబ్బుకి వెళ్ళాం. క్యారమ్స్ బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేశారు. వదిన అంతా చెప్పింది. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. గళ్ళ చీర కట్టుకున్న ఒకావిడ, మంచి హోదాలో ఉన్నావిడే, కొంచెం విసురుగా, "మళ్ళీ ఎందుకెళ్ళారండీ మీరు?" అని అడిగింది. అందరూ అదే అడగాలనుకున్నట్టు వదిన వంక చూశారు. పడుకోవడానికి చోటు లేక, అని వదిన మళ్ళీ చెప్పింది. గదిలో కుర్చీలు కదిలాయి, ఫోన్లు బయటికొచ్చాయి. డబ్బా ఒకటి తిప్పారు. అది తిరిగొచ్చాక ఊపితే వచ్చిన చప్పుడుకి వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆటో ఖర్చులకి సరిపోతుందిలే అంది.

అంతా వెళ్ళిపోయాక బ్యానరు చుట్టుకుంటున్నాం. గళ్ళ చీరావిడ ఇంకా వెళ్ళలేదు. మంచినీళ్ళ కుండీ దగ్గర నిలబడి తాగిన గ్లాసులోనే మళ్ళీ నీళ్ళు పట్టుకుంటోంది. నాకు విసుగొచ్చింది, ఇంకా ఏం వాదన పెట్టుకుంటుందో అని. ఆవిడ మెల్లిగా మా దగ్గరికొచ్చి, తలుపు వైపు ఒకసారి చూసి, అడిగింది.

"ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళినవాళ్ళ దాకా తీసుకుంటారండీ మీరు?"

వదిన బ్యానరు కింద పెట్టేసి కుర్చీ ఒకటి ముందుకు లాగింది.

"మేం లెక్క పెట్టమమ్మా," అంది. "కూర్చో. ఒక్కసారి చెబితే చాలు."

నేను బ్యాగులోంచి కాగితాలు తీశాను. తలుపు బార్లా తెరిచి ఉంది, వరండాలో ఎవరో నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. వేద్దామని లేవబోతే వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. గళ్ళ చీరావిడ కాసేపు ఆ తలుపు వంకే చూసింది. తర్వాత తనే లేచి వెళ్ళి గడియ వేసుకుని వచ్చి కూర్చుంది.